కాళ్ల గురించి అడిగారు, ముందు కిడ్నీల సంగతి చెబుతాను

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నాకు 24 ఏళ్లు. మాది పల్నాడు వైపు ఒక పల్లె. 5 నెలల క్రితం మాకు మొదటి పాప పుట్టింది. పుట్టేసరికే నడుము దగ్గర వీపు మీద నిమ్మకాయంత నీటి బుడగ ఉంది. స్పైనా బైఫిడా అన్నారు. మూడో రోజు ఆపరేషన్ చేసి మూసేశారు. నెల నిండకముందే తలలో నీరు చేరి తల పెద్దదవుతోందని, ఆ నీటిని తీసే గొట్టం, షంట్ అంటారట, వేశారు. పాప బాగా నవ్వుతుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది. మోకాళ్లు చాపి తన్నుతుంది కానీ పాదాలు కదల్చదు. రెండు పాదాలూ లోపలికి వంగి ఉన్నాయి. ఎప్పుడు చూసినా డైపర్ కొద్దికొద్దిగా తడిసే ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ రాశారు గానీ డబ్బు సర్దుబాటు కాక చేయించుకోలేదు. ఏడో నెలలో గ్రహణం రోజున నేను కూరగాయలు తరిగానని, అందుకే ఇలా జరిగిందని మా అత్తగారు అంటున్నారు. బారసాల కూడా చేయలేదు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఫోను చేసి, కడుపులో ఉండగానే ఆపరేషన్ చేస్తారట, మీరు ముందే తెలుసుకోలేదా అంది. ఒకచోట మూలకణాల (స్టెమ్ సెల్స్) చికిత్స చేస్తే నడుస్తుందని చెప్పి 6 లక్షలు అడిగారు. మా ఆయన పొలం అమ్ముదామంటున్నారు. పాప నడుస్తుందా? ఇంకో బిడ్డ పుడితే ఇలాగే పుడుతుందా? ఇందులో నా తప్పు ఉందా?

సమాధానం: అమ్మా, మీరు ఆఖరున అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. ఇందులో మీ తప్పు లేదు. ఊరడించడానికి అంటున్న మాట కాదు, శరీరం తయారయ్యే లెక్క ప్రకారమే లేదు.

తమలపాకు అంచులు మడిచి చిలకలు చుడతాం కదా. గర్భం నిలిచిన తొలి రోజుల్లో పిండం వీపు మీద ఉండే చదునైన పొర కూడా అలాగే అంచులు పైకి లేపుకొని, ఒకదానితో ఒకటి కలిసి, గొట్టంలా మూసుకుంటుంది. ఆ గొట్టం పైభాగం మెదడవుతుంది, కిందిభాగం వెన్నుపాము అవుతుంది. పిండం ఏర్పడిన 28 రోజులలోపే ఈ పని ముగుస్తుంది. అప్పటికి మీకు నెల తప్పి రెండు వారాలు అయి ఉంటుంది, అంతే. చాలామందికి అప్పటికి ఇంకా అనుమానం కూడా రాదు. ఆ 28 రోజుల్లో మీ పాప నడుము దగ్గర ఆ చుట్టు పూర్తిగా మూసుకోలేదు. స్పైనా బైఫిడా అంటే ఇదే.

ఈ భాగం మీ అత్తగారికి చదివి వినిపించండి. పెద్దమ్మగారూ, గ్రహణం వచ్చింది ఏడో నెలలో. వెన్ను తయారవడం మొదటి నెలలోనే అయిపోయింది. ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన ఆరు నెలలకు పడిన వాన పునాదిని వంకర చేయలేదు. పెదవి చీలి పుట్టినవారిని గ్రహణం మొర్రి అంటాం, ఆ పెదవి కూడా రెండో నెలలోనే అతుక్కోవాలి. మీ కోడలు తరిగిన కూరగాయలకూ మీ మనవరాలి వీపుకూ ఏ సంబంధమూ లేదు. ఆమె మీద మోపిన ఈ నిందను దయచేసి ఈరోజే దించేయండి. ఆ పాపను పెంచడానికి ఆమెకు చాలా బలం కావాలి, మీ తోడు కూడా కావాలి.

మరి ఎందుకు జరిగింది? ఫలానా ఒక్క కారణం అని మీ విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు. కొంత వంశపారంపర్యం ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కొరత పెద్ద కారణం. అదుపులో లేని మధుమేహం, అధిక బరువు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందు కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. ఈ మందు వాడుతున్నవారు ఇది చదివి సొంతంగా ఆపేయవద్దు, గర్భం దాల్చాలనుకునే ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

స్పైనా బైఫిడాలో రకాలున్నాయి. కొందరిలో వెన్నుపూసలో చిన్న ఖాళీ మాత్రమే ఉంటుంది. వేరే దేనికో తీసిన ఎక్స్‌రేలో అది బయటపడుతుంది, జీవితమంతా ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో పొరలు, నీరు మాత్రమే సంచిలా బయటికి ఉబికి వస్తాయి. మూడోది, అన్నిటికన్నా తీవ్రమైనది, మైలోమెనింగోసీల్. ఇందులో వెన్నుపామే సంచిలోకి వచ్చి పడుతుంది. పాదాలు కదలడం లేదనీ, తలలో నీరు చేరిందనీ రాశారు కాబట్టి మీ పాపది ఈ మూడో రకమే.

మీ ఆడపడుచు చెప్పింది నిజమే. కాకపోతే సగమే చెప్పారు. మూసుకోని వెన్నుపాముకు రెండు దెబ్బలు తగులుతాయి. సరిగ్గా తయారవకపోవడం మొదటిది. కప్పు లేని ఆ నరాలు నెలల తరబడి ఉమ్మనీటిలో నాని, రాపిడికి గురై మరింత దెబ్బతినడం రెండోది. ఈ రెండో దెబ్బను ఆపాలని కడుపులో ఉండగానే మూసే ఆపరేషన్ మొదలుపెట్టారు. అమెరికాలో మూడు ఆసుపత్రులు కలిసి చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. పుట్టాక ఆపరేషన్ చేసిన పిల్లల్లో ఏడాదిలోపు నూటికి 82 మందికి షంట్ అవసరమైతే, కడుపులోనే చేసినవారిలో 40 మందికి అవసరమైంది. రెండున్నర ఏళ్ల వయసులో ఆసరా లేకుండా నడిచినవారు పుట్టాక చేసినవారిలో నూటికి 21, కడుపులో చేసినవారిలో 42. ఇది నిజంగా గొప్ప ముందడుగు. తల్లి పొట్టను పెద్దగా కోయకుండా సన్నని గొట్టాలు పంపి మూసే పద్ధతులు ఆ తర్వాత వచ్చాయి.

ఇప్పుడు మిగతా సగం. ఆ పరీక్షలో ఆపరేషన్‌ను గర్భం 26 వారాలు నిండకముందే చేశారు. గర్భసంచిని కోసి, బిడ్డ వీపును మూసి, మళ్లీ కుట్టాలి. ఆ తల్లులకు సగటున 34 వారాలకే కాన్పు అయింది. గర్భసంచి మీద ఆ మచ్చ పలుచబడవచ్చు, తర్వాతి కాన్పులన్నీ సిజేరియనే కావాలి. ఇంతా చేశాక కూడా సగానికి పైగా పిల్లలు రెండున్నర ఏళ్లకు ఆసరా లేకుండా నడవలేదు. ఇది చేసే కేంద్రాలు ప్రపంచంలోనే కొన్ని. మీకు టిఫా స్కాన్‌లో తెలిసి ఉన్నా, ఆ కొద్ది వారాల్లో, ఆ ఖర్చుతో, అది మీ చేతికి అందేదని నేను అనుకోను. టిఫా మానవద్దని ఇది చదివే ప్రతి గర్భిణికీ చెబుతాను, 18 నుంచి 20 వారాల మధ్య తప్పక చేయించుకోవాలి. ఈ జబ్బున్న బిడ్డ తల ఆ స్కాన్‌లో ముందువైపు నొక్కినట్టు నిమ్మకాయ ఆకారంలో, వెనక ఉండే చిన్నమెదడు వంగిన అరటిపండులా కనబడతాయి. 1986 నుంచి డాక్టర్లు ఈ రెండు గుర్తులతో పట్టుకుంటున్నారు. కానీ మీరు దాటేసిన ఆ స్కాన్‌ను తలచుకొని రాత్రిళ్లు కుమిలిపోవద్దు. పాపకు ఇప్పుడు మీ నిద్ర కూడా ముఖ్యమే.

మూలకణాల గురించి. పొలం అమ్మకండి. దీని మీద నాకు ఏ సందేహమూ లేదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో 2021 నుంచి ఒక పరిశోధన జరుగుతోంది. మాయ నుంచి తీసిన మూలకణాలను చిన్న పట్టీ మీద పెంచి, కడుపులోని బిడ్డ వెన్ను మీద ఆపరేషన్ సమయంలో అతికిస్తారు. అంటే అది పుట్టకముందు చేసేది, ఇంకా పరిశోధన దశలో ఉన్నది. పుట్టి, వీపు మూసేసిన పాపకు సూదితో మూలకణాలు ఎక్కిస్తే నరాలు మళ్లీ మొలుస్తాయని ఇప్పటివరకు ఎవరూ నిరూపించలేదు. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మూలకణాలను చికిత్సగా అమ్మకూడదని, మిగతావన్నీ పరిశోధనగా మాత్రమే జరగాలని, పరిశోధనలో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఉంది. మీ దగ్గర 6 లక్షలు అడిగారంటే ఆ మార్గదర్శకాలను పక్కన పెట్టినట్టే. ఆ డబ్బుతో మీ పాపకు ఎన్నో ఏళ్ల పాటు అసలైన వైద్యం చేయించవచ్చు.

ఆ అసలైన వైద్యం ఏమిటో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట కాళ్ల గురించి రాసినది కాదు. డైపర్ ఎప్పుడూ కొద్దికొద్దిగా తడిసే ఉంటుందన్న మాట. ఈ పిల్లలను చూడడానికి వచ్చే చుట్టాలూ, తల్లిదండ్రులూ, కొన్నిసార్లు డాక్టర్లు కూడా ముందు కాళ్లే చూస్తారు. కాళ్లు కదలకపోతే ప్రాణం పోదు. కిడ్నీలు పాడైతే పోతుంది.

మూత్రాశయానికి వెళ్లే నరాలు వెన్నుపాము చివరి భాగం నుంచి వస్తాయి, మీ పాపకు దెబ్బతిన్నది కూడా అక్కడే. మామూలుగా మూత్రం నిండాక కింద ద్వారం వదులవుతుంది, పైన సంచి ముడుచుకుంటుంది. ఈ పిల్లల్లో ఆ రెండింటికీ పొత్తు కుదరదు. సంచి ముడుచుకుంటుంటే ద్వారం కూడా బిగుసుకుంటుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది, నిండి పొర్లిన కొద్దిపాటి మూత్రం చుక్కలుగా డైపర్‌లో పడుతుంది. చూసేవారికి మూత్రం వస్తూనే ఉందిగా అనిపిస్తుంది. లోపల మిగిలినది మాత్రం వెనక్కి ఎగదన్ని, కిడ్నీల దాకా పోయి, ఏ నొప్పీ లేకుండా, ఏళ్ల తరబడి వాటిని తినేస్తుంది. నొప్పి లేకపోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం.

దీనికి పరిష్కారం 1972లో దొరికింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్ అనే మూత్రవ్యాధుల నిపుణుడు, రోజుకు కొన్నిసార్లు సన్నని గొట్టం పెట్టి మూత్రాన్ని పూర్తిగా ఖాళీ చేసి తీసేస్తే చాలని చూపించాడు. అప్పటిదాకా అందరి నమ్మకం ఏమిటంటే, గొట్టం పెట్టాలంటే ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంత క్రిమిరహితంగా ఉండాలని. లాపిడెస్ అక్కర్లేదన్నాడు. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టం ఉంటే చాలు, సంచి నిండి సాగిపోకుండా చూడడమే అసలు రక్షణ అన్నాడు. ఈ ఒక్క మాటతో ఈ పని ఆసుపత్రి నుంచి ఇంటికి, నర్సు చేతి నుంచి తల్లి చేతికి వచ్చింది. స్పైనా బైఫిడా వైద్యంలో ఇంతమంది పిల్లల కిడ్నీలను కాపాడిన పద్ధతి మరొకటి లేదని నా అభిప్రాయం. దీనికి పొలం అమ్మనక్కర్లేదు.

మొదటిసారి నర్సు దగ్గరో డాక్టరు దగ్గరో నేర్చుకొనే చేయాలి, చదివి చేయకూడదు. ఎలా ఉంటుందో తెలిస్తే భయం తగ్గుతుందని చెబుతున్నాను. మన దగ్గర పసిపిల్లలకు పాలు పట్టే సన్నని ప్లాస్టిక్ ఫీడింగ్ ట్యూబ్, ఆరు నంబరుది, దీనికి వాడతారు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు విడదీసి, నీళ్లతో తుడుస్తారు. ఆడపిల్లల్లో మూత్రం వచ్చే రంధ్రం యోని ద్వారానికి కొంచెం పైన చిన్న చుక్కలా ఉంటుంది. మొదటి రెండు రోజులు అది కనబడక చాలామంది తల్లులు ఏడుస్తారు. గొట్టం పొరపాటున కిందికి వెళ్లినా ప్రమాదం లేదు, తీసి ఇంకొకటి పెట్టాలి. జెల్లీ రాసిన కొస మెల్లగా లోపలికి పోతుంది, మూత్రం గిన్నెలోకి రావడం మొదలవుతుంది. ధార ఆగాక పొత్తికడుపు మీద చేయి పెట్టి కొంచెం నొక్కి, మిగిలింది వచ్చాక నెమ్మదిగా తీసేస్తారు. ఐదు నిమిషాల పని. పగటిపూట 3, 4 గంటలకు ఒకసారి చేయాలి. వచ్చిన కొలత ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చూడగానే డాక్టరుకు సగం విషయం తెలిసిపోతుంది. నేను చూసిన తల్లుల్లో వారం దాటాక ఇది నా వల్ల కాదన్నవారు లేరు. పాప పెద్దయ్యాక, బడికి వెళ్లే వయసులో, తనే చేసుకుంటుంది.

పాపకు ఇది ఇప్పుడే మొదలుపెట్టాలా అన్నది పరీక్షలు తేలుస్తాయి. ఈ నెలలోనే కిడ్నీలకూ మూత్రాశయానికీ అల్ట్రాసౌండ్ చేయించండి. మొదటి ఏడాదిలో మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి చేయించాలి. మూత్రాశయంలో ఒత్తిడి ఎంత ఉందో కొలిచే యూరోడైనమిక్ పరీక్ష గురించి అడగండి. ఒత్తిడి ఎక్కువుంటే ఆక్సిబ్యుటినిన్ అనే మందు ఇస్తారు. ఇంకొక మాట. గొట్టం వాడే పిల్లల మూత్రంలో క్రిములు కనబడడం మామూలే. జ్వరం, వాంతులు లేకుండా పరీక్ష కాగితంలో క్రిములున్నాయని మాత్రమే యాంటీబయాటిక్ వాడుతూ పోతే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు.

గొట్టం అనగానే గుర్తొచ్చింది. ఎర్ర రబ్బరు గొట్టం వాడవద్దు. స్పైనా బైఫిడా పిల్లలకు రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ అంటే పడకపోవడం చాలా ఎక్కువ. ఆపరేషన్ల సమయంలో డాక్టర్ల గ్లవ్స్ తగిలి తగిలి అది ముదురుతుంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదటి మాటగా లేటెక్స్ లేని గ్లవ్స్ వాడమని చెప్పండి. మొదటి పుట్టినరోజుకు గది నిండా బెలూన్లు కట్టాలని చుట్టాలు ముచ్చటపడతారు. కాగితం పూలు కట్టమనండి.

తలలోని షంట్ సంగతి. 1955లో ఫిలడెల్ఫియా దగ్గర జాన్ హోల్టర్ అనే యంత్రాల పనివాడికి స్పైనా బైఫిడాతో, తలలో నీటితో కొడుకు పుట్టాడు. అప్పట్లో తల నుంచి నీరు తీసే గొట్టాలు మాటిమాటికీ మూసుకుపోయేవి. నీరు ఒకవైపే పోయేలా, వెనక్కి రాకుండా ఒక చిన్న కవాటం ఉండాలని డాక్టరు చెబితే, ఆ తండ్రి పనిముట్ల ముందు కూర్చుని తయారు చేశాడు. 1956లో అది వాడకంలోకి వచ్చింది. మీ పాప చెవి వెనక చర్మం కింద తగిలే చిన్న బుడిపెకు మూలం ఆ తండ్రి ఆరాటమే. షంట్ అక్కర్లేకుండా, కెమెరాతో మెదడులోనే నీటికి దారి చేసే పద్ధతిని ఉగాండాలోని ఎంబాలే పట్టణంలో బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ పసిపిల్లలకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. పల్లెల్లో షంట్ మూసుకుపోతే ఆసుపత్రికి చేరేలోపే పిల్లలు చనిపోతున్నారని ఆయన ఈ దారి వెతికారు. మీ పాపకు షంట్ ఇప్పటికే ఉంది కాబట్టి, అది పనిచేస్తోందో లేదో గమనించడమే మీ పని. దర్జీ వాడే టేపుతో వారానికి ఒకసారి, ఒకే రోజున, కనుబొమల పైనుంచి తల వెనక ఉబ్బెత్తు మీదుగా చుట్టుకొలత తీసి అదే నోటుపుస్తకంలో రాయండి. మాడు ఉబ్బడం, పాలు తాగినవన్నీ కక్కడం, మామూలుకు మించి మగతగా ఉండడం, కళ్లు కిందికే వాలిపోవడం, కీచుమని ఏడవడం, మూర్ఛ, జ్వరం కనిపిస్తే రాత్రైనా సరే, షంట్ వేసిన ఆసుపత్రికి బయలుదేరండి. పాలు తాగేటప్పుడు పొలమారుతూ ఉన్నా, ఊపిరిలో కూతలా శబ్దం వస్తున్నా అంతే తొందర పడాలి.

ఇప్పుడు కాళ్లు. మోకాళ్లు చాపి తన్నుతోందని రాశారు. ఆ ఒక్క వాక్యం చదివి నాకు సంతోషం కలిగింది. తొడ ముందుభాగం కండరాలు పనిచేస్తున్నాయని దాని అర్థం, ఈ పిల్లలు నిలబడి నడవగలరా అని అంచనా వేసేటప్పుడు ముందు చూసేది వాటినే. తన పాదాలకు తగిన కాలిపర్స్ (కాలికి ఊతమిచ్చే పట్టీలు) తొడిగి, చేతికర్రలతో మీ పాప నడిచే అవకాశం బాగానే ఉంది. మామూలు పిల్లలకన్నా ఆలస్యంగా నడుస్తుంది, పెద్దయ్యాక దూరాలకు చక్రాల కుర్చీ వాడవలసి రావచ్చు. మాట ఇవ్వలేను, పరీక్షించకుండా ఎవరూ ఇవ్వకూడదు. వంగిన పాదాలకు వారం వారం ప్లాస్టర్ కట్లు మార్చి నిటారు చేసే పొన్‌సెటి పద్ధతి ఉంది, ఎముకల డాక్టరును ఇప్పుడే కలవండి. పాదాల్లో స్పర్శ ఉండదు కనుక కట్టు కింద పుండు పడినా పాప ఏడవదు, ప్రతిసారీ చర్మం చూడమని అడగాలి.

ఆ స్పర్శ లేకపోవడం గురించి ఒక దృశ్యం నా కళ్లముందు నుంచి పోదు. ఒక వేసవిలో ఏడేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. డాబా మీద గాలిపటం ఎగరేస్తూ మధ్యాహ్నమంతా ఎండకు కాలిన బండల మీద పాకుతూ ఆడాడు. సాయంత్రం తల్లి కాళ్లు కడగబోతే రెండు పాదాల మీదా, మోకాళ్ల మీదా చర్మం ఊడి చేతికొచ్చింది. వాడికి నొప్పే తెలియలేదు, అమ్మ ఎందుకు ఏడుస్తోందో అర్థం కాక చూస్తున్నాడు. ఆ పుండ్లు మానడానికి నెలలు పట్టింది. అందుకని స్నానం నీళ్లు ముందు మీ మోచేతి మీద పోసుకొని చూడండి. రోజూ రాత్రి పడుకోబెట్టే ముందు పాప పాదాలు, పిరుదులు దీపం వెలుతురులో ఒకసారి తిప్పి చూడండి. పాకడం మొదలుపెట్టాక సాక్స్ తొడగకుండా నేల మీద వదలకండి.

ఇంకా కొంచెం పెద్దయ్యాక, నాలుగైదు ఏళ్లకో పదేళ్లకో, అంతకుముందు చేసిన పనులు చేయలేకపోవడం, వీపు నొప్పి, మూత్రం తీరు మారడం కనిపిస్తే వెన్నుపాము మచ్చకు అంటుకొని లాగబడుతోందేమో చూపించాలి. దాన్ని విడదీసే ఆపరేషన్ ఉంది. మలబద్ధకం కూడా ఉంటుంది, రెండు మూడేళ్లు వచ్చాక రోజూ ఒకే సమయానికి కూర్చోబెట్టడం అలవాటు చేస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

చదువుతుందా అని మీరు అడగలేదు, నేనే చెబుతాను. చదువుతుంది. ఈ పిల్లల్లో ఎక్కువమంది తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. తలలో నీరు చేరినవారికి లెక్కలు, ఏకాగ్రత కొంచెం కష్టం కావచ్చు. 1971లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జాన్ లోర్బర్ అనే పేరున్న డాక్టరు, స్పైనా బైఫిడాతో పుట్టిన పిల్లల్లో ఎవరికి వైద్యం చేయాలో, ఎవరిని వదిలేయాలో కొలతలు రాసి ప్రకటించాడు. ఎందరో పిల్లలను ఆ కొలతల పేరిట వదిలేశారు. 2005లో అదే జబ్బుతో పుట్టిన కారిన్ మురాస్కో, లాపిడెస్ పనిచేసిన మిషిగన్ విశ్వవిద్యాలయంలోనే మెదడు శస్త్రచికిత్స విభాగానికి అధిపతి అయ్యారు. అమెరికాలోని వైద్య కళాశాలల్లో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. పిల్లల తలలోని నీటికి షంట్లు వేసిన చేతులు ఆవిడవి. ఎందుకు ఈ ఖర్చు, ఎందుకు ఈ శ్రమ అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

రెండో బిడ్డ విషయం. ఒకసారి ఇలా పుట్టాక మళ్లీ ఇలా జరిగే అవకాశం నూటికి రెండు మూడు నుంచి ఐదు దాకా ఉంటుంది. అంటే నూటికి 95 మందికి పైగా మామూలు బిడ్డే పుడతారు. ఆ కొద్ది ప్రమాదాన్ని కూడా బాగా తగ్గించే మందు ఉంది. 1991లో ముగిసిన ఒక పరీక్షలో, అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ రావడం నూటికి 72 వంతులు తగ్గింది. మన దగ్గర 5 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది, చాలా చవక. గర్భం కోసం ప్రయత్నించడానికి మూడు నెలల ముందే మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా రోజుకొకటి వేసుకోవాలి. మొదలుపెట్టే ముందు డాక్టరును కలిసి బి12, షుగరు చూపించుకోండి. అప్పటిదాకా అనుకోకుండా గర్భం రాకుండా జాగ్రత్త పడండి. నెల తప్పాక మొదలుపెడితే ఆ 28 రోజులు దాటిపోతాయి. సర్కారు ఆసుపత్రిలో నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ మాత్రల్లోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది గానీ, వెన్ను విషయంలో అప్పటికి వేళ మించిపోతుంది. ఇలాంటి చరిత్ర లేని మామూలు ఆడవారికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, అదీ పెళ్లయిన నాటి నుంచే.

ఈ విటమిన్ కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గిపోతోందో వెతికింది. ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం వారిని బతికిస్తోందని 1931లో రాసింది. ఆ పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. ఆకు నుంచి తీశారు కాబట్టి ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి పేరు పెట్టారు. మన తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో అది ఉంది. కానీ ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు పోతుంది, మీకు కావలసిన మోతాదు ఆకుకూరల నుంచి రాదు. అమెరికా 1998 నుంచి పిండిలోనే దీన్ని కలపడం తప్పనిసరి చేసింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సభ అన్ని దేశాలకూ ఆ పిలుపు ఇచ్చింది. మన రేషన్ బియ్యంలో కడిగేటప్పుడు కొన్ని గింజలు వేరుగా కనబడి తేలవచ్చు. ప్లాస్టిక్ బియ్యమని పల్లెల్లో వాటిని ఏరి పారేస్తున్నారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. వందకు ఒకటి చొప్పున కలిపినవి. వాటిని పారేయవద్దని మీ ఊళ్లో మీరు నలుగురికి చెప్పండి, మీ మాట వింటారు.

డబ్బు సంగతి చివర. ఆపరేషన్లకు, స్కాన్లకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేమి వస్తాయో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో అడగండి. పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ జబ్బు కూడా ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి రాయిస్తుంది, ఫిజియోథెరపీ అక్కడ దొరుకుతుంది. వైకల్యం ఎంతో తెలిపే సదరం ధ్రువపత్రం కూడా తీసుకోవాలి. పింఛను, బస్సు రాయితీ, బడిలో హక్కులు అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఈ కాగితాలన్నిటికీ జనన ధ్రువపత్రం కావాలి. ఆసుపత్రి చీటీ మీద ఇప్పటికీ ఫలానా ఆమె బిడ్డ అనే రాసి ఉంటుంది. పుట్టిన ఏడాదిలోపు ఏ రుసుమూ లేకుండా ఆ ధ్రువపత్రంలో పేరు చేర్పించవచ్చు, మీకు ఇంకా ఏడు నెలలు గడువుంది. మీరు ఇంత పెద్ద ఉత్తరం రాశారు గానీ అందులో పాప పేరు లేదు. బారసాల చేయండి. అల్ట్రాసౌండ్ అయ్యాక రిపోర్టులో ఏముందో నాకు రాసేటప్పుడు, ఆ పేరు కూడా రాయండి.